పురిట్లో మూసిన దేవుడి అలమర

బిడ్డ పుడితే మా ఇళ్లలో పురిటి మైల. ఆ రోజులు గడిచి స్నానమయ్యేదాకా ఇంట్లో దీపం పెట్టరు, దేవుడి అలమర తలుపులు తెరవరు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టిన ఇళ్లలో ఇది ఎవరికీ పట్టదు. అందరూ ఉయ్యాల చుట్టూ ఉంటారు, దేవుడికి కాస్త సెలవు. మా పాప మాత్రం ఏడో నెలలోనే పుట్టింది. కాన్పుకి పుట్టింటికి వెళ్లడానికి టికెట్లు కూడా తీసి పెట్టుకున్నాం. అది ఆగలేదు.

నన్ను ఇంటికి పంపేసి, పాపను ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచుకున్నారు. మెట్రో ఇంకా మా జనక్‌పురి దాకా రాని చలికాలం అది. రోజూ పాలు పిండి చిన్న సీసాలో పోసుకుని, మా ఆయనతో ఆటోలో వెళ్లేదాన్ని. గొట్టంతో చుక్కలు చుక్కలుగా పట్టేవారు. అద్దంలోంచి చూడటమే తప్ప ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఇంటికొస్తే మూసిన అలమర. నాకు ఒళ్లు మండిపోయేది. జన్మలో దేవుణ్ణి అడగాల్సిన అవసరం ఎప్పుడైనా వచ్చిందంటే అది ఇప్పుడే. ఇప్పుడే ఆయన ముఖం చూడకూడదట! పక్కింటి పంజాబీ ఆంటీ మెట్ల మీద కనిపించినప్పుడల్లా "భగవాన్ పర్ భరోసా రఖో, బేటా" అనేవారు. "అచ్ఛా ఆంటీ" అని లోపలికొచ్చి ఏడ్చేదాన్ని. భరోసా సంగతి దేవుడెరుగు, ఆయన నన్ను గాలికొదిలేశాడనే అనిపించేది.

మా అత్తగారు మడి, మైల దగ్గర ఎవరి మాటా వినే మనిషి కాదు. ఒకసారి నేను అలమర ముందు నిలబడితే "అటు వెళ్లకమ్మా, పురిట్లో ఉన్నావు" అన్నారు. ఆవిడ మీద కూడా కోపం పెంచుకున్నాను.

ఒక మధ్యాహ్నం సీసాను నిండుగానే వెనక్కి తెచ్చాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి దాన్నే చూశారు.

"ఏం, పట్టలేదా?"

"ఇవాళ వద్దన్నారు అత్తయ్యా. అరగడం లేదట."

ఆవిడ చేతులు కడుక్కుని, తిన్నగా వెళ్లి అలమర తలుపులు రెండూ బార్లా తెరిచారు. నేను నిర్ఘాంతపోయాను.

"మైల కదా అత్తయ్యా?"

"ఉండనీవే. ఆ దోషమేదో నాకే తగలనీ. ఈయన్ని లోపల పెట్టి తలుపేసుకుంటే మనం ఎవరిని అడుగుతామే? రా, అడుగు. తిట్టాలనుంటే తిట్టు."

నేను దణ్ణం పెట్టలేదు. చేతులు రాలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. పాలు కారి జాకెట్టు తడిసిపోతుంటే, కళ్లు లేవా నీకు, చెవులు లేవా అని గొంతు పోయేలా అరిచాను. అత్తగారు నా వీపు మీద చెయ్యి వేసి, ఆయన వైపే చూస్తూ నిలబడ్డారు. మనసు తేలికపడిందని చెప్పను. కానీ వినేవాళ్లు ఎవరూ లేరని నిజంగా నమ్మి ఉంటే అంతసేపు అరిచేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున పాప పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక అత్తగారు అలవాటు కొద్దీ అలమర దగ్గరికి వెళ్లారు. ఇప్పుడిది చావు మైల. ఒక తలుపు మూసి, రెండోదాని మీద చెయ్యి వేశారు. నేను వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మూయకండి అత్తయ్యా. నేనింకా ఆయనతో మాట్లాడాలి."