ఐస్‌లాండ్ వెళ్ళే ఆడపడుచుకు చెప్పిన మాటలు

మా ఆడపడుచు, ఆమె భర్త ఐస్‌లాండ్ చూడడానికి టికెట్లు కొన్నారు. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ కృష్ణపట్నంలో మా క్వార్టర్స్‌కు వచ్చారు. కోటు ఎంత మందం ఉండాలి, కారు మనమే నడపొచ్చా, ఆవకాయ తీసుకుపోనిస్తారా అని ఆడపడుచు అడిగింది. మా ఆయన లేచి టీవీ పెట్టాడు. మేమిద్దరం ఐస్‌లాండ్ వెళ్ళినప్పుడు అక్కడ జరిగింది ఆయన తన చెల్లెలికి చెప్పలేదు. భుజం, పళ్ళు, చెవి గురించి అడిగితే బాత్రూంలో జారిపడ్డానన్నాడు.

ముందు మామూలు సంగతులు చెప్పాను. ఒంటికి తగిలేది ఉన్నిది ఉండాలి, నూలుబట్ట తడిస్తే ఆరదు. పైకోటు వానను, గాలిని ఆపాలి. గొడుగు దండగ. కారు గాలికి ఎదురుగా నిలపాలి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయాలి.

అది మాకు మొదటిరోజే తెలిసింది. పెట్రోలు బంకులో నేను తలుపు గడి తీశానో లేదో, వెనకనుంచి వచ్చిన గాలి దాన్ని నా చేతిలోంచి లాక్కుని ముందుకు విరిచేసింది. అటుగా వస్తున్న మా ఆయన ముఖానికి అంచు తగిలి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే తుడుచుకుని నవ్వాడు. "తుఫాన్లు చూసినోళ్ళం, ఇదేంది మనకి" అన్నాడు.

రెండు రోజుల తర్వాత నల్ల ఇసుక ఒడ్డుకు వెళ్ళాం. దారిలో హెచ్చరిక బోర్డు ఉంది, దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది. దాన్ని దాటొద్దని నేనన్నాను. మైపాడు అలల్లో ఈత నేర్చినవాడికి బోర్డులెందుకని ఆయన తడి ఇసుక మీదికి దిగి, ఫోటో తీయమని సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పటిదాకా చిన్న అలలే వచ్చి పోతున్నాయి. ఫోను తెరలో ఆయన తల వెనక నీళ్ళు గోడలా లేచాయి. నేను కేక వేసేలోపే అల మోకాళ్ళ వెనక కొట్టింది. బోర్లా పడ్డ మనిషిని గులకరాళ్ళ మీద ముఖం రాసుకుపోయేలా ఈడ్చుకుపోయింది.

నేను పరిగెత్తాను. వెనకనుంచి ఎవరో నా కోటు టోపీ పట్టుకుని లాగారు. గొంతు బిగుసుకుని వెల్లకిలా పడ్డాను. ఆమె టూరిస్టు బస్సు నడిపే మనిషి, గట్టి మనిషి. విడిపించుకోవడానికి ఆమె చేతిని కొరికాను. నోట్లో రక్తపు రుచి తగిలింది. ఆమె వదల్లేదు. నన్ను బోర్లా తిప్పి, వీపు మీద మోకాలు మోపి, ముఖం ఇసుకలోకి అదిమింది. నేను బూతులు తిట్టాను, అన్నీ తెలుగులోనే.

తర్వాతి అల ఆయన్ని తెచ్చి రాతిగుట్టకు కొట్టి, ఒడ్డున విసిరేసింది. అది వెనక్కి పోయే లోపల ఇద్దరు మగవాళ్ళు కోటు పట్టుకుని పైకి లాగారు. భుజం కీలు ఊడి చెయ్యి వేలాడుతోంది. పై పళ్ళు రెండు లేవు. చెవి సగం తెగింది. ఊపిరి మాత్రం ఉంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆమె మా పక్కనే నిలబడింది. కట్టు కట్టిన ఆమె చేతిని చూసి క్షమించమన్నాను. "నిన్ను వదిలుంటే ఇద్దరి కోసం వెతకాల్సొచ్చేది" అంది, అంతే.

నేను చెప్పడం ఆపేసరికి మా ఆడపడుచు ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి టీవీ కట్టేసి, అన్న బాగున్న భుజం మీద పిడికిలితో గుద్దింది. ఒకటి కాదు, ఏడుస్తూ గుద్దుతూనే ఉంది.

"బాత్రూంలో పడ్డానని చెప్పినావే అన్నా."

ఆయన దెబ్బలు కాచుకోలేదు. "నీళ్ళు లాగేటప్పుడు చెవుల్లో రాళ్ళు గలగలమన్నాయి. ఇప్పటికీ తలమీద నీళ్ళు పోసుకోలేను. ఏమని చెప్పేది" అన్నాడు.

ప్రయాణం మానేస్తారనుకున్నాను. మానలేదు. నెల తర్వాత ఆ ఒడ్డు నుంచే ఆమె ఫోను చేసింది. దీపం ఎర్రగా ఉందట. అయినా, ఆరోజు నేను చెప్పింది విని కూడా ముందుకు పోబోయిన మొగుణ్ణి కాలరు పట్టుకుని లాగితే చొక్కా చిరిగిందట, నలుగురిలో పరువు తీశావని ఆయన మండిపడుతున్నాడట. మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. చెల్లెలి భర్తకు ఫోను ఇమ్మని చెప్పి, అలను గురించి తనే చెప్పడం మొదలుపెట్టాడు.