ఐదింటికి నేను కొట్టిన గంట

యెరికో గోడలు కూల్చటానికి ఇశ్రాయేలీయులంతా కలిసి రోజుల తరబడి ఊరి చుట్టూ తిరిగారు, బూరలు ఊదారు, కేకలు వేశారు. పల్నాటిలో కిటకిటలాడుతూ నడుస్తున్న ఒక ఆసుపత్రిని నేను ఒక్కణ్ణే, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, ఒక తాడు లాగి ఖాళీ చేశాను. పైగా అదంతా నా పరిపాలనా దక్షత అనుకుని మురిసిపోయాను. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

సాగర్ ఆనకట్ట పనులు జరుగుతున్న రోజులవి. మాచర్ల పోయే దారిలో మా మిషను ఆసుపత్రి. దాన్ని నడిపే దొరసాని డాక్టరమ్మగారు సెలవు మీద వాళ్ళ దేశం వెళుతూ సూపరింటెండెంటు కుర్చీ నాకప్పగించారు. అంతకుముందు తెలుగువాడెవరూ అందులో కూర్చోలేదు. "సంఘం పెద్దలు వచ్చి చూస్తారు. ఆసుపత్రి బాగా నడుస్తుంటే కుర్చీ నీకే ఉంటుంది. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు" అని చెప్పి రైలెక్కారు. నేను గుంటూరు బోర్డింగులో పెరిగి, విశాఖపట్నంలో వైద్యం చదివి వచ్చినవాణ్ణి. పల్నాడంటే నాకు తెలిసింది ఎండ ఒక్కటే. కుర్చీ దక్కిన రోజున మోకాళ్ళ మీద పడి జ్ఞానం కోసం ప్రార్థించాను. వినయం కోసం అడగటం మరిచిపోయాను.

మొట్టమొదట నా దృష్టి రోగుల చుట్టాల మీద పడింది. మంచం మీద రోగి, మంచం కింద మేనమామ, వరండాలో పొయ్యి, పొయ్యి చుట్టూ మిగతా వంశం.

"చీకటి పడినా కదలరండీ. అరిచి అరిచి నా గొంతు పోతంది" అంది హెడ్ నర్సు కరుణమ్మగారు.

"గొంతెందుకమ్మా, గంటుంది కదా."

మా ఆవరణలోనే గుడి. పాస్టరుగారు తాళంచెవితో సహా పల్లెల మీదికి వెళ్ళారు గాని, గంట తాడు బయటే వేలాడుతోంది.

"గుడి గంటా?"

"అవును. రోజూ ఐదింటికి నేనే కొడతాను. మా బోర్డింగులో ఇట్లాగే కొట్టేవాళ్ళు. ఒక్కొక్క దెబ్బా ఆపి ఆపి, గంభీరంగా."

"ఆపి ఆపా?" అని ఆవిడ నా మొహంలోకి చూసింది. "సరేనండి. మీరు పెద్ద చదువు చదివారు."

ఆ సాయంత్రం తాడు లాగాను. ఒక దెబ్బ. ఒక చిన్న కీర్తన చదివేంత విరామం. మళ్ళీ ఒక దెబ్బ. నేనేం చెప్పను! మాటలు ఆగిపోయాయి. మగవాళ్ళు తలగుడ్డలు తీశారు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది కూడా. కాసేపటికల్లా ఆవరణలో పురుగు లేదు. ఇంత భక్తిగా ఆజ్ఞ పాటించే జనాన్ని మోషే కూడా ఎరగడనుకున్నాను.

క్రమంగా చుట్టాలతో పాటు రోగులూ వెళ్ళటం మొదలుపెట్టారు. నా హస్తవాసి అలాంటిదనుకున్నాను. పెద్దలు వచ్చే రోజు ఉదయానికి మిగిలింది ఒకే ఒక్క రోగి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కాలు కాల్చుకున్న కుర్రవాడు. వాళ్ళమ్మ మంగమ్మ మూట కట్టేస్తోంది.

"పుండు మానలేదు కదమ్మా, ఎక్కడికి?"

"ఇంటికి నాయనా. నాలుగింటికి బస్సుంది."

"అంత తొందరేముంది? ఐదు దాటినాక నిదానంగా వెళ్ళు."

ఆమె నావంక చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు. కొడుకుల్ని ఏట్లో పారేయించిన ఫరో రాజును హెబ్రీ తల్లులు అట్లా చూసి ఉంటారు.

"ఐదు దాటినాకా? ఒక్కడే కొడుకు నాయనా నాకు" అని వాడి చెయ్యి పట్టుకుని పరుగు తీసింది. కాలు కాలినవాడు ఆమెకంటే ముందున్నాడు.

మధ్యాహ్నం పెద్దలు దిగారు. వాళ్ళకు పెద్ద గురజాల దావీదుగారు. తెల్లటి దుప్పట్లు పరిచిన ఖాళీ మంచాలను వరసగా చూస్తూ నడిచారు.

"చానా శుభ్రంగా ఉంది బాబూ. మనుషులేరి?"

"నయమై వెళ్ళిపోయారండీ."

"అందరూనా?"

"దేవుని కృప."

ఇంతలో ఐదు కావచ్చింది. "నా పద్ధతి చూద్దురుగాని" అని వెళ్ళి, ఆ రోజు మరింత గంభీరంగా కొట్టి వచ్చాను. పెద్దలు తలలు వంచి నిలబడి ఉన్నారు.

"ఎవరికి బాబూ గంట?" అన్నారు దావీదుగారు, మెల్లగా.

"ఫలానా వాళ్ళకని లేదండీ. రోజూ కొడతాను."

"రోజూనా?"

"ఆదివారం తప్ప."

"ఆదివారం ఎందుకు లేదు?"

"ఆ రోజు నాకు సెలవండీ."

పక్కనున్న పెద్దమనిషి గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"సరిగ్గా ఐదింటికేనా?"

"నిమిషం తేడా రాదండీ. అంతా నా చేతుల మీదుగానే."

"ఒరేయ్ నాయనా," అన్నారు దావీదుగారు మర్యాద వదిలేసి, "ఆపి ఆపి కొడితే ఈ పక్క చావుగంటరా. దొరసానమ్మ పోయినాక కొత్త డాక్టరు రోజుకొకణ్ణి సాగనంపతన్నాడని గురజాల దాకా పాకింది. మేమొచ్చింది అందుకే."

కరుణమ్మగారివైపు తిరిగాను. "మీరైనా చెప్పలేదేమండీ?"

"బెదరగొట్టి పంపటానికే కొడతన్నారనుకున్నా. పని చేసింది గూడా గదండీ."

"రేపు సాయంత్రానికి ఈ మంచాల్లో మనుషులు కనపడాల. లేదంటే ఆ కుర్చీకి ఇంకొకర్ని చూస్తాం" అన్నారు దావీదుగారు.

మర్నాడు ఐదింటికి ఏం చేశానంటారా? మళ్ళీ గంటే కొట్టాను. చావుగంట కాదని జనానికి తెలియాలని ఈసారి ఎక్కడా ఆపకుండా, చేతులు బొబ్బలెక్కేలా కొట్టాను. అట్లా కొడితే ప్రార్థనకు రమ్మని పిలుపట. అదీ నాకు తెలియదు. ఊరు ఊరంతా పాటల పుస్తకాలు పట్టుకుని వచ్చేసింది. గుడికి తాళం. సరాసరి వార్డులోకి వచ్చి మంచానికి నలుగురు చొప్పున కూర్చున్నారు. బస్సు దొరక్క ఊళ్ళో చుట్టాలింట్లో ఆగిపోయిన మంగమ్మ కూడా కొడుకును పట్టుకుని వచ్చింది.

రాత్రి ఊళ్ళోనే ఆగిన దావీదుగారు లేచి, గంట కథంతా విప్పి చెప్పారు. జనం పడీ పడీ నవ్వారు. మంగమ్మ మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు చంపలేదా నాయనా?"

"లేదమ్మా."

"ఒక్కణ్ణి గూడా?"

"ఇప్పటిదాకా లేదులే" అంది కరుణమ్మగారు.

మంగమ్మ మూట దించి, కొడుకును మళ్ళీ మంచం మీద పడుకోబెట్టింది. ఆమెను చూసి కీళ్ళనొప్పులవాళ్ళు, దగ్గువాళ్ళు, కంటి పొరలవాళ్ళు ఇళ్ళకు పోవటం మానేసి అక్కడే దుప్పట్లు పరిచారు. వాళ్ళ చుట్టాలు మంచాల కింద సర్దుకున్నారు.

దావీదుగారు వెళుతూ నా భుజం తట్టారు. "కుర్చీ నీదే బాబూ. తాడు మాత్రం పాస్టరుగారిది."

కాబట్టి దేవుని యెదుట, ఈ సంఘం యెదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ చేత్తో కత్తి పడతాను, కలం పడతాను, బతికినన్నాళ్ళూ గంట తాడు పట్టను. సైకిలు గంట కూడా ఊడదీయించి, "తప్పుకోండయ్యా" అని నోటితోనే అరుస్తూ పోతున్నాను. మీరెవరైనా మా ఇంటికొస్తే, దయచేసి తలుపు ఆపి ఆపి కొట్టకండి.