ద్రాక్షపెట్టెల జారుడుబల్ల

ఫిబ్రవరి నెలాఖరు, ఆదివారం. శామీర్‌పేట దాటాక మా మేనమామ ద్రాక్షతోట. హాజరైనవారు: మామ, అత్త, బాపు, లారీ డ్రైవరు, పెట్టెలు మోసే ఆడవాళ్లు, నేను.

ఆ రోజుల్లో శామీర్‌పేట వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షపందిళ్లే కనిపించేవి. ఇప్పుడా దారిలో విల్లాల గేట్లు, గేటుకొక కుక్క బొమ్మ. మామ తోట ఉన్నచోట ఒక కాలనీ లేచింది, దానికి ద్రాక్షతో సంబంధం లేని ఇంగ్లీషు పేరు కూడా పెట్టారు. నేను గుండ్లపోచంపల్లిలో ఉంటున్నాను. పొద్దున నడకకు వెళ్లినప్పుడు గోదాముల దగ్గర అట్టపెట్టెలు ఏటవాలు రోలర్ల మీద జారుకుంటూ వచ్చి, చెప్పినచోట బుద్ధిగా ఆగుతుంటే కాసేపు నిలబడి చూస్తాను. (అక్కడి వాచ్‌మన్ నేనెవరి కోసమో ఎదురుచూస్తున్నాననుకుని రెండుసార్లు కుర్చీ వేశాడు.) పెట్టె చెప్పినచోట ఆగడం ఎంత పెద్ద విషయమో ఆయనకు తెలియదు పాపం. ఒకప్పుడు నా చదువంతా ఆ ఒక్కదాని మీదే ఆధారపడింది.

నేను ఇంజనీరింగు మొదటి ఏడాదిలో అన్నీ గట్టెక్కి, మెకానిక్స్‌లో మాత్రం బోల్తాపడ్డాను. ఆ పాఠం చెప్పిన ఆయన్ని మేము 'ఢీకొట్టుడు సారు' అనేవాళ్లం. బలాలు, శక్తి అన్నీ గబగబా ముగించి, రెండు వస్తువులు ఢీకొనే అధ్యాయానికి వచ్చేసరికి ఆయన ముఖం పెళ్లిపందిట్లో ఉన్నట్టు వెలిగిపోయేది. ఆయన వెలుగు నా జవాబుపత్రం దాకా రాలేదు. ఫెయిలైన సంగతి తెలియగానే బాపు ఒక్కటే మాట అన్నాడు: "అబ్బని సదువు ఎందుకురా? మేడ్చల్ల మన ఎరువుల దుకాణం ఉన్నది. అచ్చి కూసో." అమ్మ ఏడ్చింది. మామ మధ్యలోకి వచ్చాడు.

"బావా, ఒక్కపారి ఆగు. పిల్లగాడు మన కండ్ల ముంగట ఏదన్న జేసి సూపిస్తే నమ్ముతవా?"

"కండ్లతోని జూస్తే నమ్మక ఏం జేస్త?" అన్నాడు బాపు.

మామ తోట ఒక దిబ్బ మీద ఉండేది. పండ్లు సర్ది పెట్టెల్లో నింపే కొట్టం పైన, లారీ ఆగే బాట కింద. మధ్యలో గులకరాళ్ల దారి. ఆడవాళ్లు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఆ దారిలో దిగుతుంటే ఎప్పుడు ఎవరు జారిపడతారో అన్నట్టుండేది. అక్కడ ఏటవాలుగా పలకలు పరిచి పెట్టెల్ని జార్చమన్నాడు మామ. నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పెట్టె పైనుంచి దిగుతుంటే వేగం వస్తుంది. కింద కొంత మేర పలకను చదునుగా వేస్తే, ఆ వేగాన్నంతా ఒరిపిడి మెల్లగా తినేస్తుంది, పెట్టె ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో లెక్క చెబుతుంది. పెట్టెలో ఎంత బరువున్నా ఆగేచోటు మారదు. (ఈ ముక్క చెప్పినప్పుడు మామ నన్ను అనుమానంగా చూశాడు. బరువు తేడా లేదంటే రైతు ఎవడు నమ్ముతాడు?) శనివారం సాయంత్రం పెట్టెలో ఇసుక నింపి జార్చాం. నేను సుద్దముక్కతో గీసిన గీత దగ్గర, ఒక జానెడు ఇవతల, ఆగింది. మామ నన్ను ఎత్తుకోలేదుగానీ ఎత్తుకున్నంత పని చేశాడు.

ఆదివారం పొద్దున బాపు తెల్ల అంగీ, తెల్ల ధోవతిలో వచ్చాడు. పలకల అంచుకు పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. అత్త పనే అనుకుని మురిసిపోయాను. పలకలు నిన్నటికంటే నిగనిగలాడుతున్నాయి. అది పొద్దుటెండ అనుకున్నాను. చదును పలక చివర, ఇంకొంచెం అవతల, కుర్చీ వేసి "ఈడ కూసో బాపూ, పెట్టె నీ ముంగటికే వచ్చి ఆగుతది" అన్నాను. బాపు కూర్చున్నాడు. పక్కన ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. మామ పైనుంచి నిండు పెట్టెను వదిలాడు.

అది వచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. సుద్దగీతను అది చూసినట్టే లేదు. చదును పలక దాటి, గాల్లోకి లేచి, ఖాళీ పెట్టెల వరుసను ఢీకొట్టి బోర్లాపడింది. బాపు కుర్చీతో సహా వెనక్కి ఒరిగాడు. ఢీకొనడం రెండు రకాలని మా సారు చెప్పేవారు: తాకి వెనక్కి పోయేది, తాకి అంటుకుపోయేది. ద్రాక్షపండ్లు రెండో రకం. బాపు లేచి నిలబడేసరికి అంగీ నిండా, చెవుల వెనక కూడా పండ్లే. ఒక ఆడమనిషి "ఓ ఇంజనీరు సారూ, మీ పెట్టెకు రెక్కలొచ్చినయే!" అని అరిచింది. మిగతావాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లారీ డ్రైవరు మాత్రం తన బండిని కాస్త వెనక్కి తీసుకున్నాడు.

నేను పరుగెత్తి పలక మీద చెయ్యి పెట్టాను. చెయ్యి జారింది. వాసన చూశాను. ఆముదం. కొత్త కట్టె పగలకుండా మంచానికో బండికో నూనె పట్టించినట్టే, అత్త ప్రేమగా పలకలన్నిటికీ పట్టించింది. నా ఒరిపిడి అంతా ఆమె ప్రేమలో మునిగిపోయింది. తలెత్తి చూస్తే మామ పైనుంచి "ఏమైందిరా?" అని అరుస్తూ దిగుతున్నాడు. మామకు కోపమొస్తే ఎదుట ఎవరున్నారో చూడడు. పదిమంది ముందు అత్తను నానా మాటలంటాడు. అత్త చేతి సకినాలు అప్పుడు కూడా నా జేబులో ఉన్నాయి. "లెక్క తప్పింది" అన్నాను.

బాపు చెవి వెనక నుంచి ఒక పండు తీసి, చూసి, నోట్లో వేసుకున్నాడు. "తియ్యగున్నది" అన్నాడు. "రేపు పొద్దుగాల నాతోని మేడ్చల్ నడు. ఎల్లుంటి సంది దుకాణంల కూసుంటవ్." కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు. మిగిలిన పెట్టెలు మళ్లీ ఆడవాళ్ల నెత్తిమీదే దిగాయి.

మర్నాడు పొద్దున నేను సంచి సర్దుకుని అరుగు మీద కూర్చున్నాను. బాపు ముఖం కడుక్కుని వచ్చాడు. అత్త చాయ్ గ్లాసు అందిస్తూ, ఎంతో గర్వంగా అంది:

"అన్నా, పెట్టె ఎంత జోరుగ ఉరికిందో సూసినవా? నేనే పలకలకు ఆముదం వెట్టిన. మస్తు పోయింది గదా!"

బాపు గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. ఆయన కొట్టం దగ్గరకు నడిచాడు. పొయ్యిలోని బూడిద తెచ్చి, గోనెపట్టతో పలకలన్నీ తానే రుద్దాడు. మామ వచ్చి "ఏంది బావా, నువ్వెందుకు?" అంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇసుకపెట్టెను పైనుంచి తానే వదిలి, కిందికి దిగి వచ్చి చూశాడు. గీతకు కొంచెం అవతల ఆగింది. (బూడిద అంటని చోట ఇంకా జిడ్డుంది మరి.) ఆ పెట్టె ముందు బాపు గొంతుక్కూర్చున్నాడు.

"ఈడ ఆగుతదని నీకు ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కే బాపూ."

"కాయితం మీదనే?"

"కాయితం మీదనే."

"మరి పరీచ్చల గదే రాయొచ్చు గదరా!"

ఉన్నమాట చెప్పాను. "అండ్ల పెట్టె ఉండది బాపూ. ఎంత పెద్ద వస్తువైనా ఉత్త చుక్క వెట్టి అడుగుతరు. గా చుక్కను జూస్తే నాకేం తోచదు."

బాపు పెట్టె మీద బూడిద వేలితో ఒక చుక్క పెట్టాడు. "చుక్కేనా?" అన్నాడు. "గా చుక్కను మీ మామ ద్రాక్షపెట్టె అనుకో. ఇగ లే. కాలేజీ బస్సు పోతది."

రోడ్డు దాకా సంచి తానే మోసుకొచ్చాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. డ్రైవరు ఒక్కసారిగా గేరు వేసేసరికి అందరం వెనక్కి ఊగాం. అంతే, నాకు ఇంకేమీ పట్టలేదు. ఇందులో ఎంత బలముంది, ఆపాలంటే ఎంత దూరం కావాలి అని పుస్తకం వెనక అట్ట మీద చుక్కలు పెట్టుకుంటూ, వాటిని ద్రాక్షపెట్టెలు అనుకుంటూ కూర్చున్నాను. అన్నీ ఇట్టే అర్థమైపోతున్నాయి. బాపు బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడట, తర్వాత మామ చెప్పాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలని ఆ చుక్కల పిచ్చోడికి తోచనే లేదు.