మా వెనక వచ్చిన లైటు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి కాఫీ కలుపుకునే రకం నేను. మేముండే బెంటన్‌విల్‌లో మావాళ్లు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్కులకి వెళ్లినప్పుడు ఎవరో ఒకరు తమ మేనమామకి పొలం గట్టు మీద ఏదో ఎదురైన కథ ఎత్తుకుంటారు. నాకు విసుగు. పాతికేళ్లుగా నా ఉద్యోగం సర్వర్లు ఎందుకు పడిపోయాయో కనిపెట్టడం. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, అది ఎక్కడో లాగ్‌లో రాసి ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం ఇదే. అందుకే కిందటి జనవరిలో జరిగింది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నేను పనిచేసేది ఒక పెద్ద రిటైల్ కంపెనీకి, కాంట్రాక్టర్‌గా. పండగల సీజన్ అంతా మాకు ఫ్రీజ్. అంటే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకూడదు, కానీ ఏది పగిలినా నిమిషాల మీద అతికించాలి. నవంబరు నుంచి కొత్త సంవత్సరం దాకా ఫోన్ దిండు కింద పెట్టుకునే పడుకుంటాను. నా భార్య వసంత డేకేర్‌లో పనిచేస్తుంది. రోజంతా రెండేళ్ల పిల్లల కోసం వంగి, లేచి, సాయంత్రానికి నడుం పట్టుకుని ఇంటికొస్తుంది. మా ఇద్దరికీ కావలసింది నాలుగు రోజుల నిద్ర. సన్నీవేల్‌లో ఉన్న మా అమ్మాయి సింధు మాత్రం మా ఇరవై ఐదో పెళ్లిరోజని అలాస్కా ట్రిప్ బుక్ చేసి టికెట్లు పంపించింది.

"మీరు ఎక్కడికీ వెళ్లరు నాన్నా. ఈసారి జస్ట్ గో" అంది ఫోన్లో. వెళ్లాం. ఆఫీసులో ఫ్రీజ్ అయిపోయిన వారానికే అసలు ఫ్రీజ్‌లోకి బయల్దేరాం.

ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి చిన్న విమానంలో ఉత్తరంగా, ఆర్కిటిక్ వలయం దాటాక, కొండల మధ్య ఒక లాడ్జి. రెండో రోజు గైడ్‌తో, మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ బండ్ల మీద రోజంతా తిరిగి రావడం ప్యాకేజీలో ఉంది. ఆ ఉదయం చలి మైనస్ ఇరవై ఎనిమిది ఫారెన్‌హీట్. లాడ్జివాళ్లు అందరికీ ఒకే రకం నల్ల సూట్లు, నల్ల హెల్మెట్లు, మోకాళ్ల దాకా బూట్లు ఇచ్చారు. అవి తొడుక్కునేసరికే నాకు ఇంటికి వెళ్లిపోవాలనిపించింది.

గైడ్ పేరు డేల్. అరవై దాటినవాడు, మాట పొదుపు. వెళ్లేది నాలుగు బండ్లు. ముందు డేల్, అతని వెనక ఒకే బండి మీద ఇద్దరు రిటైర్డ్ టీచరమ్మలు, తర్వాత నేనూ వసంతా, చివర ఒంటరిగా వచ్చిన ఒక పెద్దాయన. నేను నడుపుతున్నాను, వసంత వెనక కూర్చుంది.

బయల్దేరేముందు డేల్ ఒక్క రూల్ మాత్రం రెండుసార్లు చెప్పాడు. మన వెనకవాళ్ల బాధ్యత మనది. అద్దంలో వాళ్ల లైటు కనిపించకపోతే అక్కడే ఆగిపోవాలి, వాళ్లు వచ్చేదాకా కదలకూడదు. మనం ఆగితే మన ముందువాళ్లకి మన లైటు కనిపించదు, వాళ్లూ ఆగుతారు. చివరికి ఆ సంగతి అతనికి తెలిసి వెనక్కి వస్తాడు. ఈ రూల్ నాకు తెగ నచ్చింది. మా సర్వర్లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉండేదీ ఇలాగే.

ఇంజన్ల మోతలో మాటలు వినపడవు కనుక సైగలు కూడా నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే బాగున్నట్టు. వెనక కూర్చున్నవాళ్లు ముందువాళ్ల భుజం మీద రెండుసార్లు తడితే ఆపమన్నట్టు. మొదటి సైగ వసంతకి ఇట్టే వచ్చింది. పాతికేళ్లుగా ఆమె చెప్పేది అదే. జ్వరంగా ఉందా అంటే పర్లేదు, నడుం నొప్పిగా ఉందా అంటే పర్లేదు. రెండో సైగ ఆమె వాడదని నాకు తట్టి ఉండాల్సింది.

పదకొండు దాటాక టీకి ఆగాం. గడ్డకట్టిన నది ఒడ్డున చిన్న చెక్క గుడిసె, లోపల పొయ్యి. ఆ ప్రాంతంలో నది మంచు పైకి కూడా అక్కడక్కడా నీళ్లు ఊరుతాయి, మీద స్నో కప్పేసి ఉండడంతో కనిపించవు. తొక్కిన దారి దిగొద్దని డేల్ చెప్పాడు. టీ తాగాక నేను గుడిసె వెనకున్న టాయిలెట్‌కి వెళ్లాను. అన్ని పొరలు విప్పి మళ్లీ తొడుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది కానీ, ఇక్కడే చెప్పేస్తాను. టీచరమ్మల్లో ఒకావిడ ఎదురొస్తుంటే వసంత దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది. ఎడమ కాలు స్నోలో దిగబడి, కింద ఉన్న నీళ్లలో పిక్క దాకా మునిగింది. బూటు పక్క జిప్పులోంచి నీళ్లు లోపలికి వెళ్లాయి. ఆవిడ కంగారుగా ఆర్ యూ ఓకే అని అడిగింది. మా ఆవిడ బొటనవేలు పైకెత్తింది. తడి సాక్సుతో ఒక్క పిల్లవాణ్ణి కూడా కూర్చోనివ్వని మనిషి, తన సాక్సు తడిసిందని ఎవరికీ చెప్పలేదు. అందరూ తనకోసం ఆగాల్సి వస్తుందని.

అక్కణ్ణించి గంటన్నర వరకూ మళ్లీ ఆగడం లేదు. ఆ చలిలో తడి కాలు అంతసేపు ఉండకూడదు.

నేను తిరిగి వచ్చేసరికి ఇంజన్లు మోగుతున్నాయి, వాటి పొగ తెల్లగా కమ్ముకుని టీచరమ్మల బండికి ముందు ఏమీ కనిపించడంలేదు. డేల్ బండి కదిలిన చప్పుడు వినిపించింది. నేను టీచరమ్మల వెనకే కదిలాను. అప్పటికి నా వెనక ఎవరూ లేరు. పెద్దాయన ఇంకా గుడిసె దగ్గరే గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు, వచ్చేస్తాడులే అనుకున్నాను. రెండు మూడు నిమిషాల్లో కుడి అద్దంలో లైటు కనిపించింది. హమ్మయ్య, వచ్చేశాడు అనుకున్నాను.

మేము నది మీదే పోతున్నాం. మధ్యాహ్నం కావస్తున్నా వెలుతురు అంతంతమాత్రం, ఆకాశమంతా మబ్బు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. రెండు నెలల నిద్ర ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. మెలకువగా ఉండడానికి నేను ఒక పని పెట్టుకున్నాను. ముందు టీచరమ్మల ఎర్ర లైటు చూడడం, పది అంకెలు లెక్కపెట్టడం, అద్దంలో వెనక లైటు చూడడం. మళ్లీ మొదటినుంచి. అలా ఇరవై నిమిషాలైనా చేసి ఉంటాను.

ఆ లైటు గురించి నాకు తెలిసినంతా రాస్తాను. ఒకటే లైటు. తెలుపు కాదు, కొంచెం పసుపు. నాకు వందగజాల వెనక ఉంది. దారిలో గతుకు వచ్చి మా బండి ఎగిరితే, కొన్ని క్షణాల తర్వాత అదే చోట ఆ లైటు కూడా ఎగిరేది. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది. బాగా నడుపుతున్నాడే పెద్దాయన అనుకున్నాను కూడా.

ఒకసారి పది లెక్కపెట్టి చూస్తే అద్దంలో లైటు లేదు. ఇంకో పది లెక్కపెట్టాను. లేదు. అది మలుపు కాదు, నది అక్కడ తిన్నగా ఉంది. నాకు ఆగాలని లేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు. కానీ రూల్ రూలే. ఆపాను.

ఇంజన్ ఆపేసరికి నిశ్శబ్దం. వెనక్కి తిరిగి దారి వంక చూస్తూ నిలబడ్డాను. లైటూ లేదు, చప్పుడూ లేదు. పెద్దాయన పడిపోయాడేమోనని భయం పట్టుకుంది. "వెనకాయన కనిపించడంలేదు, ఆగుదాం" అన్నాను వసంతతో. ఆమె తలూపింది. దిగలేదు. అలసిపోయిందనుకున్నాను.

ముందు టీచరమ్మల లైటు ఆగింది. ఆరేడు నిమిషాలకి డేల్ వచ్చాడు. వెనక బండి రాలేదని చెప్పాను. అతను నన్నొక రకంగా చూశాడు. చివరి బండి మీదే అన్నాడు. పెద్దాయన నెమ్మదిగా నడుపుతున్నాడని టీ తర్వాత అతన్ని తన వెనకే పెట్టుకున్నాడట. నేను లేనప్పుడు ఆ సంగతి వసంతకి చెప్పాడట. ఆమె బొటనవేలు ఎత్తిందట. కాలి మంటలో ఆ మాట ఆమె తలకెక్కనే లేదని తర్వాత తెలిసింది.

ఏమిటిది వసంతా, చెప్పొద్దా అని విసుగ్గా ఆమె వైపు తిరిగాను. నేను పూర్తిచేసే లోపే డేల్ మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఎడమ బూటు పట్టుకున్నాడు. బూటు చుట్టూ తెల్లగా మంచు బిగుసుకుపోయి ఉంది. నేను దాన్ని చూడనేలేదు. కాలు తెలుస్తోందా అని అడిగాడు. ఇందాకటిదాకా మంట పుట్టింది, ఇప్పుడు బాగానే ఉంది అందామె. డేల్ మొహం మారిపోయింది.

బూటు లాగాడు. సాక్సు లోపలి పొరకి అతుక్కుపోయింది. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. డేల్ తన సూటు జిప్పు తెరవబోతూ, కాలు ఒంటికి ఆనించి వెచ్చబెట్టాలి, నువ్వు పెడతావా నేను పెట్టనా అని నన్నడిగాడు. నేను నా సూటు తెరిచి, చొక్కా పైకి లాగి, ఆమె పాదాన్ని నా పొట్టకి ఆనించబోయాను.

ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"వద్దండీ. కాలు మీకు తగుల్తుంది" అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి ఆమె. ఆ చలిలో కూడా అదే పట్టింపు. గట్టిగా పట్టుకుని పొట్టకి అదుముకున్నాను. చల్లటి రాయిని ఆనించుకున్నట్టుంది. డేల్ పైనుంచి దుప్పటి కప్పాడు. ఆమె తల పక్కకి తిప్పుకుని ఏడుస్తూ కూర్చుంది. నొప్పికి కాదు, నాకు తెలుసు.

తర్వాత పొడి సాక్సులు, డేల్ సంచిలోని వేరే బూటు, వేడి ప్యాకెట్లు. గుడిసెకి తిరిగి వచ్చాం. డేల్ శాటిలైట్ ఫోన్‌లో లాడ్జికి చెప్పాడు, సాయంత్రానికి ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆసుపత్రిలో ఉన్నాం. చిటికెనవేలి కొస పోయింది. మిగతావి దక్కాయి. ఇంకో అరగంట బండి మీదే ఉండి ఉంటే వేళ్లన్నీ పోయేవని డాక్టరమ్మ చెప్పింది.

ఇక నా పని నేను చేశాను. ఆఫీసులో ఏదైనా పడిపోతే మూలకారణం రాసి ఫైల్ చేస్తాం. దీనికీ అలాగే కూర్చున్నాను. అద్దంలో కనిపించింది నా బండి లైటే అయి ఉండొచ్చా? వెనక లైటు ఎరుపు. సూర్యుడా? మబ్బు. వేరే ఎవరైనా మా వెనక వచ్చారా? గుడిసెకి తిరిగి వెళ్లేటప్పుడు డేల్ దారికి రెండు పక్కలా చూసుకుంటూ వెళ్లాడు. ఎక్కడా పక్కకి మళ్లిన జాడ లేదు. గుడిసెలో మేము బోర్లించిన కప్పులు అలాగే ఉన్నాయి. తమ బండ్లన్నిటికీ తెల్ల లైట్లే, పసుపువి తీసేసి చాలా ఏళ్లయిందని డేల్ చెప్పాడు. అంతకుమించి కథలేమీ అల్లలేదు. నువ్వు బాగా అలసిపోయి ఉన్నావు అన్నాడు.

నిజమే, అలసిపోయే ఉన్నాను. నిద్రమత్తులో లేని లైటు కనిపించి ఉండొచ్చు. చాలాకాలం దీంతోనే సరిపెట్టుకుందామని చూశాను. కానీ నిద్రమత్తులో కనిపించేది గతుకు దగ్గర, సరిగ్గా అదే గతుకు దగ్గర, ఎందుకు ఎగురుతుంది? ఇరవై నిమిషాలు నిలకడగా ఉన్నది సరిగ్గా అప్పుడే ఎందుకు పోతుంది?

మార్చిలో ఒక ఆదివారం వసంత వేలికి కట్టు మారుస్తూ, చాలా రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్నది అడిగేశాను. నేను ఆపకపోతే నువ్వు ఎప్పుడు చెప్పేదానివి అని.

అబద్ధం ఆడదామా వద్దా అని ఆలోచించిందనుకుంటాను.

"చెప్పేదాన్ని కాదండీ" అంది. "మీరు ముందుకి చూసుకుంటూ నడుపుతున్నారు కదా, ఎందుకు కదపడం అనుకున్నా."

నేను కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాల్లో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బాగున్నాడా లేదా అని కొన్ని పదుల సార్లు అద్దంలోకి చూశాను. నా వీపుకి ఆనుకుని కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. వెనక ఎవరూ లేరని నాకు తెలిసి ఉంటే అద్దం వంక చూసేవాణ్ణే కాదు, ఆపేవాణ్ణీ కాదు. ఆ లైటు ఎవరిదో, ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.