అమ్మమ్మ పగలగొట్టిన చక్కెర దిమ్మ

మా హస్నా పిన్నికి కోపం వస్తే గిన్నెలు తోముతుంది. శుభ్రంగా ఉన్నవే మళ్లీ తీసి తోముతుంది. కళాయి మీద కళాయి పడే చప్పుడు వినిపిస్తే మా తామో అమ్మమ్మ జపమాల చేతికి తీసుకుని, చెవులు సరిగా వినపడనిదానిలా మొహం పెడుతుంది. ఆవిడ చెవులకేమీ లోటు లేదు. పక్కింట్లో ఎవరు ఎవరిని ఏమన్నారో గోడ అవతలనుంచి విని నాకు చెప్పే చెవులు అవి.

పిన్ని టీచరు. సెఫ్రూ పైన కొండల్లో ఒక పల్లెలో బడి. మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే గదిలో. చలికాలం పిల్లలు తలా ఒక కట్టెపుల్ల తెస్తే పొయ్యి రాజుకుంటుంది, పొయ్యి రాజుకున్నాక పాఠం మొదలవుతుంది. రోజూ తెల్లారకముందే లేచి టాక్సీల అడ్డాకి పోతుంది. ఆ పాత టాక్సీలో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు ఇరుక్కుని కూర్చోవాలి. పిన్ని ముందు రెండు సీట్లకీ డబ్బులిచ్చి ఒక్కతే కూర్చుంటుంది. దాంతో ఊళ్లో ఆవిడకి పొగరన్న పేరు వచ్చింది. మగవాళ్ల మోకాళ్ల మధ్య నలగనందుకు పొగరట! వాళ్ల అక్కచెల్లెళ్లని కూర్చోబెట్టి చూడమనండి.

ముప్ఫై దగ్గరపడుతోంది, పెళ్లి కాలేదు. ఇది మా వీధిలో అందరి పనీ అయిపోయింది. రొట్టెల బట్టీ దగ్గర, ఊరందరి స్నానాల ఇంట్లో, మందుల షాపులో కూడా అదే మాట. "ఏం టీచరమ్మా, ఇంకా ఏం కబురు లేదా?" పిన్ని ఒకసారి నాతో అంది: "తాళం వెయ్యని ఇల్లనుకుంటున్నారే విదాద్ నన్ను. దారిన పోయే ప్రతివాళ్లూ తలుపు నెట్టి చూస్తున్నారు."

"మరి తాళం వేసుకో," అన్నాను.

"నీకేం తెలుసే, ఆరో తరగతి ఎగ్గొట్టిన మొహమా! పో, నీ గుండీలు కట్టుకో."

నేను జలాబాలకి, అంటే పాదాలదాకా వేసుకునే పొడుగు అంగీలకి, పట్టుదారంతో గుండీలు కడతాను. అమ్మమ్మ నేర్పిన పని. మా అమ్మ ఫెస్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఉంటుంది కాబట్టి నేను అమ్మమ్మ ఇంట్లోనే పెరిగాను. పిన్ని నాకు చదువు చెప్పబోయి ఓడిపోయింది. ఇప్పటికీ నా చేతిలో సూది చూస్తే ఆవిడ మొహం మాడుతుంది.

వానాకాలం చివర్లో, బడి దగ్గర బురదలో టాక్సీ దిగుతూ పిన్ని కాలు మడత పడింది. చీలమండ వంకాయలా వాచింది. డాక్టరు కట్టుకట్టి, కదలొద్దన్నాడు. ఇక చూసుకోండి, పరామర్శకి జనం. మా దగ్గర ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా చక్కెర దిమ్మ పట్టుకుని వస్తారు, నీలం కాగితం చుట్టిన, మొనదేలిన శంకువులాంటి పెద్ద దిమ్మ. పుట్టినా అదే, చచ్చినా అదే, మక్కా నుంచి వచ్చినా అదే. పిల్లనడగడానికి వచ్చినా అదే. కాకపోతే పిల్లనడగడానికి తెచ్చిన చక్కెరకి ఒక కట్టుబాటుంది. వచ్చినవాళ్ల ముందే ఆ దిమ్మ పగలగొట్టి, అందులోంచి ముక్క వేసి టీ కాచి ఇచ్చామా, పిల్లనిచ్చేసినట్టే. ఇష్టం లేకపోతే దిమ్మని ముట్టుకోకుండా అలాగే ఉంచి, నాలుగు రోజులాగి మర్యాదగా వెనక్కి పంపాలి. జబ్బువాళ్లకి తెచ్చినదానికి ఈ పట్టింపేం లేదు, ఎప్పుడైనా పగలగొట్టుకోవచ్చు.

ఆ శుక్రవారం కుస్‌కుస్ తిని, పిన్ని మేడ మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. హాజా మెన్నానా వచ్చింది, చెల్లెల్నీ కోడల్నీ వెంటబెట్టుకుని. నూనె, ఆలివ్‌ల దుకాణం లర్బీ వాళ్ల అమ్మ ఈవిడ; మక్కా వెళ్లొచ్చింది కాబట్టి అందరికీ హాజా. లర్బీకి నలభై దాటాయి. మొదటి పెళ్లాం పుట్టింటికని వెళ్లి మళ్లీ రాలేదు. కోడలి చేతిలో పళ్లెం, దానిమీద కుట్టుపని చేసిన గుడ్డ. గుడ్డ తీస్తే రెండు చక్కెర దిమ్మలు, పాలు, ఖర్జూరాలు, ఒక మూల ఆకుపచ్చ రిబ్బను కట్టిన గోరింటాకు పొట్లం.

"మీ అమ్మాయికి ఎలా ఉంది తామో?" అంది హాజా.

"దేవుడి దయ. కాలే కదా, తల కాదు."

"తల బాగానే ఉందిలే, మాకు తెలుసు," అని ముగ్గురూ నవ్వారు. "మీ ఇంటి చల్లని నీడ కోరి వచ్చాం."

అమ్మమ్మ టీ పళ్లెం ముందుకి లాక్కుంది. దిమ్మ చేతిలోకి తీసుకుని, నీలం కాగితం విప్పి, ఇత్తడి సుత్తితో ఠంగున ఒక్కటి వేసింది.

ఆ ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారిగా నాలుకలాడిస్తూ పెళ్లి కేకలు పెట్టారు. ఆ కేకలకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పిన్ని గోడ పట్టుకుని ఒంటికాలి మీద మెట్లు దిగుతూ, "ఎవరు పాసయ్యారు?" అని అడిగింది. మా దగ్గర పరీక్ష పాసైనా అవే కేకలు. హాజా లేచి వెళ్లి ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టి, "నా కోడలా!" అంది.

పిన్ని పళ్లెం వైపు చూసింది, తర్వాత అమ్మమ్మ వైపు, సుత్తి వైపు. తరగతి గదిని ఒక్క అరుపుతో నిశ్శబ్దం చెయ్యగల మనిషికి మాట రాకపోవడం నేను అప్పుడే చూశాను.

వాళ్లు టీ తాగి వెళ్లాక గిన్నెల చప్పుడు మొదలైంది.

"కాలు విరిగిందని తెచ్చారనుకున్నానే తల్లీ," అంది అమ్మమ్మ. "ఇంతమంది తేలేదూ? అలవాటుగా కొట్టేశాను."

"కాలు బెణికిన మనిషికి గోరింటాకు తెస్తారా అమ్మా?"

"ఏ గోరింటాకు? నా కళ్లకి ఆనితేగా."

ఆ కళ్లు సాయంత్రం చీకట్లో దీపం లేకుండా సూదిలో పట్టుదారం ఎక్కించే కళ్లు. నేను దగ్గాను.

"నీకెందుకే మధ్యలో దగ్గు?" అంది అమ్మమ్మ.

"ఎవరైనా వెళ్లి పొరపాటని చెప్పండి," అంది పిన్ని. మామయ్యకి ఫోన్ చేసింది. మెక్నెస్ నుంచి ఆయన, "పగలగొట్టాక ఇంకేం చెప్తాం? మన పరువేం కావాలి? మంచివాడేగా, దుకాణం ఉంది," అన్నాడు. తన పెళ్లికి తనకి నచ్చిన పిల్లని తనే చూసుకుని, ఇంట్లో నెల్లాళ్లు అన్నం మానేసి సాధించుకున్న మనిషి ఆయన. చెల్లెలి విషయం వచ్చేసరికి పరువు గుర్తొచ్చింది!

పిన్ని అంతగా పట్టించుకోనట్టే ఉంది మొదట్లో. "పెళ్లి పత్రం రాసే అదూల్ ముందు సంతకం పెట్టాల్సింది నేనే కదా. నా చెయ్యి పట్టుకుని పెట్టిస్తారా?" అంది. కానీ మాట చాలా దూరం పోయింది. బట్టీ దగ్గర రొట్టెలు తీసే ముసలాయన మా రొట్టెల మీద నువ్వులు జల్లి, "పెళ్లివారి రొట్టె," అన్నాడు. కాస్త నడవగలిగిన రోజున పిన్ని టాక్సీ అడ్డాకి వెళ్తే డ్రైవరు, "ఇంక ముందు సీట్లు రెండూ లర్బీ అన్నే కొంటాడులే టీచరమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని ఆ టాక్సీ ఎక్కకుండా తర్వాతి దాని కోసం చలిలో నిలబడింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన పిన్ని మొహం చూసి నేను సూది కింద పెట్టేశాను. గిన్నెల జోలికి పోలేదు. తిన్నగా వచ్చి అమ్మమ్మ ఎదురుగా నిలబడింది.

"మా హెడ్‌మాస్టరు నాలుగో తరగతి వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తున్నాడట. ఎందుకని అడిగాను. 'మీరు మానేస్తున్నారుగా, మీ ఆయన కాఫీ దుకాణంలో అందరికీ చెప్పాడు, దుకాణదారు భార్య కొండలెక్కి పోవడం ఏమిటి అన్నాడు' అన్నాడు. మీ ఆయనట! ఎవరే నా ఆయన? నేను మానేస్తున్నానని నాకే తెలియదు, కాఫీ దుకాణానికి తెలుసు!"

"మగవాళ్లు వంద అంటారు. తర్వాత మెల్లిగా నువ్వే మార్చుకుందువు..."

"ఏడేళ్లు! ఏడేళ్లు ఆ మంచులో ఆ బురదలో తిరిగాను. అక్కడ పిల్లలు నేను కూర్చోమంటే కూర్చుంటారు, లేవమంటే లేస్తారు. వాళ్ల తండ్రులు పొలంలో గొడవొస్తే నన్ను పిలిచి న్యాయం అడుగుతారు. ఈ గడప దాటి లోపలికొచ్చేసరికి నేను బల్ల మీది దిమ్మనా? ఎవరి చేతిలో సుత్తి ఉంటే వాళ్లు కొట్టెయ్యడమేనా?" పిన్ని మేడ వైపు చెయ్యి చూపించింది. "పెళ్లి వద్దని ఎప్పుడన్నా అన్నానా? నన్ను అడగమన్నాను. అంతే కదా. ఒక్క మాట. మేడ మీదే ఉన్నానే, అమ్మా. పిలిస్తే పలికేదాన్నే. నిజం చెప్పు, గోరింటాకు చూశావా లేదా?"

అమ్మమ్మ జపమాల ఆగింది.

"చూశాను," అంది. "గుడ్డ తియ్యగానే చూశాను. నిన్ను పిలిస్తే వద్దంటావని తెలుసు. ఒకసారి పగిలాక, వీధంతా విన్నాక, సర్దుకుంటావనుకున్నాను. నేను పోతే ఈ ఇంట్లో నీకెవరున్నారే?"

"నేనున్నాను," అంది పిన్ని.

నాకు అమ్మమ్మ మీద జాలేసింది, అదే క్షణంలో ఆ జపమాల లాక్కుని బయట పారెయ్యాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. రెండు కొత్త చక్కెర దిమ్మలు కొనుక్కురమ్మని పిన్ని పంపితే వెళ్లాను. తిరిగొచ్చేసరికి పిన్ని జలాబా వేసుకుని సిద్ధంగా ఉంది.

"నువ్వు పగలగొట్టావు. నువ్వే వచ్చి చెప్పాలి," అంటోంది.

"ఆడవాళ్లం మనం పోవడమేమిటే, నవ్వుతారు. మీ అన్నయ్య వచ్చాక..."

"అన్నయ్య రాడు. లే."

అమ్మమ్మ లేచింది. నేనైతే నమ్మలేకపోయాను. కూతురు ఎంత మొత్తుకున్నా లేవని మనిషి.

హాజా మెన్నానా ఇంట్లో లర్బీ కూడా ఉన్నాడు. మమ్మల్ని చూసి ముందు మురిశారు, తర్వాత నా చేతిలో దిమ్మలు చూసి మొహాలు ముడుచుకున్నారు. పిన్ని నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇవి మావి కావు," అంది హాజా. "మాది మీ ఇంట్లో పగిలింది, మీ చేతి టీ మేం తాగాం. దేవుడు చూశాడు, వీధి విన్నది."

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "ముసలిదాన్ని హాజా. చూపు మందగించింది. పరామర్శకి తెచ్చారనుకుని..."

"అమ్మా," అంది పిన్ని. గట్టిగా కూడా అనలేదు.

అమ్మమ్మ తల దించుకుంది. మళ్లీ ఎత్తింది. "లేదు. నా చూపు బాగానే ఉంది. గోరింటాకు చూశాను, మీరెందుకొచ్చారో తెలుసు. తెలిసే కొట్టాను. నా కూతుర్ని అడగలేదు. ఆ సుత్తి నాది, మాట మాత్రం నా పిల్లది కాదు. వీధిలో మీరేమైనా అనండి, నన్ను అనండి."

"అంటాం, ఎందుకనం!" హాజా లేచి నిలబడింది. "ముప్ఫై ఏళ్లు మీద పడుతున్నదాన్ని పోనీలే పాపమని అడిగితే..."

"పాపమా?" అమ్మమ్మ కూడా లేచింది. తప్పు ఒప్పుకోడానికి వచ్చానన్న సంగతి మర్చిపోయింది. "ఎవరికే పాపం? నీ కొడుకు మొదటి పెళ్లాం చెప్పులు కూడా వేసుకోకుండా ఎందుకు పరిగెత్తిందో వీధి అది కూడా విన్నది! నా పిల్ల రెండు సీట్లు కొనుక్కుని కూర్చుంటుంది, తెలుసా!"

నేను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. లర్బీ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. పిన్ని వైపు తిరిగి, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా నిదానంగా అన్నాడు: "సరే. అప్పుడు అడగలేదంటున్నావు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. చెప్పు."

"కాఫీ దుకాణంలో చెప్పకముందు అడగాల్సింది. ఇప్పుడైనా అడిగారు కాబట్టి చెబుతున్నాను. వద్దు," అంది పిన్ని.

అంతే. తలుపు మా వెనకే గట్టిగా పడింది.

సందులో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పిన్ని కుంటుతూ ముందు, అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వెనక. పిన్ని ఫోన్ తీసి, నడిసందులో నిలబడి హెడ్‌మాస్టరుకి చేసింది.

"సార్, నేను హస్నాని. వచ్చే ఏడు నాలుగో తరగతి నాదే. నేను మానెయ్యడం లేదు. మీకెవరు చెప్పారో నాకనవసరం, ఇప్పుడు నేను చెబుతున్నాను. లేదు సార్, నా పేరు మళ్లీ రాయండి. ఇప్పుడే రాయండి."

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో కిటికీ తెరుచుకుంది. బట్టీ ముసలాయన పిండి చేతులతో బయటికొచ్చి నిలబడ్డాడు.

"మెల్లిగా మాట్లాడవే," అంది అమ్మమ్మ. "వీధంతా వింటోంది."

"విననీ," అంది పిన్ని. ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని, "వినపడలేదా సార్?" అంటూ మొదటినుంచి మళ్లీ, ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.