ఖాళీ కుర్చీకి సైగ

మొన్న చెవుల డాక్టరు దగ్గర నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్స్ తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బుద్ధిగా నొక్కుతూ పోయాను. కాసేపటికి అక్కడ పనిచేసే తెలుగమ్మాయి తలుపు తీసి, "అంకుల్, నేనింకా స్టార్ట్ చెయ్యలేదు" అంది. వయసు మీదపడితే వినబడాల్సినవి వినబడవని తెలుసు గానీ, లేనివి వినబడతాయని నాకెవరూ చెప్పలేదు. మా ఆవిడ నవ్వింది. నా మనసు మాత్రం అప్పటికే జెర్సీ సిటీలోని ఒక చర్చి బేస్‌మెంట్‌కి దిగిపోయింది.

ఉద్యోగానికి కొత్తగా వచ్చి అన్నయ్యావదినల అపార్ట్‌మెంట్‌లో మకాం పెట్టిన రోజులవి. రెండు వేల ఐదు దాటి ఉంటుంది. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత పోలిష్ చర్చి కింద ఉన్న హాలును అద్దెకు తీసుకునేది. అక్కడ పాటల బృందానికి, అదే క్వయర్‌కి, లీడర్ మా వదిన. మగవాళ్ల వరసలో మనిషి తక్కువయ్యాడని నన్ను లాక్కెళ్లి చివర నిలబెట్టింది. "నువ్వు పెదాలు ఆడించు చాలు, సౌండ్ మేం చూసుకుంటాం" అని షరతు పెట్టింది. నా గొంతు సంగతి ఆవిడకు తెలుసు. నాకు స్వరం వస్తే పక్కవాడికి జ్వరం వస్తుంది.

ఒకరోజు మేం ప్రాక్టీస్ చేస్తుంటే పొడుగాటి ముసలాయన ఒకరు మెట్లు దిగి వచ్చి, కోటు విప్పకుండానే చివరిదాకా విన్నాడు. "అందరూ ఒకే వరస పాడుతున్నారేం?" అని ఇంగ్లీషులో అడిగాడు. "ఒక్కొక్కరు ఒక్కోటి పాడితే గొడవైపోతుంది కదండీ" అంది వదిన. మాకు తెలిసింది హార్మోనియం, ఆయనకు కావలసింది హార్మనీ. ఆ రోజు నుంచి ఆయన మాకు మాస్టారయ్యాడు.

పోలండ్‌లో రేడియో ఆర్కెస్ట్రాను నడిపిన మనిషట, పాటలు కట్టే కంపోజర్ కూడానట. కంపోజర్ అంటే నాకు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడే గుర్తొచ్చేవాడు. తలచుకుంటే పెద్ద తేడా ఏమీ లేదు. పరాయివాళ్ల పాటలను వాయిద్యాలకూ గొంతులకూ పంచిపెట్టడంలోనే ఆయన వయసంతా గడిచింది. అమెరికా వచ్చాక పెళ్లి బ్యాండ్లకు పోల్కా డాన్సు పాటలు రాసిచ్చాడు, పైన చర్చిలో క్వయర్ నడిపాడు. ఆ క్వయర్‌లో కొందరు ఫ్లోరిడాకు వెళ్లిపోయారు, కొందరు ఇంకా పైకి వెళ్లిపోయారు. ఆయన సొంతంగా రాసుకున్నది ఒక్కటే, మాటల్లేకుండా ఉత్త 'ఆ'కారంతో సాగే ముక్క. దాని నడిమధ్య అందరూ ఆగిపోతే, ఒక ఆడగొంతు కిందిస్థాయిలో ఒంటరిగా నడవాలి. అది భార్య కోసం రాసిన భాగం. రిహార్సల్స్ జరుగుతుండగానే దేశం విడిచి రావలసి వచ్చింది. ఇక్కడికొచ్చిన కొన్నేళ్లకు ఆవిడ పోయింది. ఇప్పుడు ఆయన చెవులు పోతున్నాయి. అవి పూర్తిగా మూసుకుపోయేలోపు ఆ పాటను ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా వినాలి. అడిగింది అంతే. వదిన కాదనలేకపోయింది.

ఆడవాళ్ల వరస చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంచమన్నాడు. ఆ ఒంటరి భాగాన్ని మాలో ఎవరికీ ఇవ్వలేదు, కనీసం కూనిరాగంగానైనా వినిపించలేదు. అక్కడికి రాగానే మమ్మల్ని ఆపి, ఎడమచెయ్యి కుర్చీ వైపు చాచి, వేళ్లతో చిన్నగా సైగ చేసేవాడు. మేం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. ఆయన కళ్లు ఎవరినో కనిపెట్టుకుని ఉన్నట్టు కదిలేవి. ఒక్కోసారి, మా శ్రుతి కాస్త తగ్గినప్పుడు చిట్లించినట్టు, ముఖం చిట్లించేవాడు. "హాలంతా హీటర్ మండిపోతోందా, ఆ కుర్చీ చూడు, ఐస్‌లా ఉంది" అని వదిన ఒకసారి నా చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టించింది. ఇనుప కుర్చీ చల్లగా ఉండక ఇంకెలా ఉంటుంది అన్నాను. అన్నాను గానీ, ఆ తర్వాత ఎప్పుడూ నా కోటు దానిమీద వెయ్యలేదు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, మధ్యాహ్నం ప్రోగ్రామ్. వెనక వరసల నిండా మనవల్ని చూసుకోవడానికి కాకినాడ, నరసాపురం వైపు నుంచి వచ్చిన పెద్దమ్మలు. మా వాళ్లకొక అలవాటుంది. కీర్తనలో ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకోవాలి. ఊరుకుంటే పాడేవాళ్లను నడివీధిలో వదిలేసినట్టే. ఈ సంగతి మాస్టారికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

పాట చక్కగానే సాగింది. ఆ చోటు వచ్చింది, ఆగాం. ఆయన కుర్చీ వైపు చెయ్యి చాచాడు. ఎక్కడా చప్పుడు లేదు. ప్రాక్టీసులకంటే ఎక్కువసేపయిందని మేం భయపడటం మొదలుపెట్టేసరికి, వెనకనుంచి పెద్దమ్మలు అందుకున్నారు. మెల్లగా, అడుగుస్థాయిలో, మేమెన్నడూ వినని వరస. వంపు వంపుకీ తడబడకుండా కలిసి నడిచారు, మేం మళ్లీ ఎత్తుకోవాల్సిన చోట మమ్మల్ని దించి ఊరుకున్నారు. తర్వాత ఎలా పాడామో తెలియదు.

టీ ఇచ్చేటప్పుడు వదిన ఒక పెద్దమ్మను పట్టుకుంది. "ఆ పాట మీకెలా వచ్చండీ?"

"మాకేం వచ్చమ్మా. మీలో ఒకావిడ ఎత్తుకుంది, మేం అందుకున్నాం. కాస్త నిదానం మనిషిలా ఉంది, ఆలస్యంగా ఎత్తుకుంది. ఒక్కతే పాడుతుంటే చూస్తూ కూర్చుంటామా?"

"ఎవరండీ ఆవిడ?"

"నాకు చూపు ఆనదు తల్లీ. గొంతు మటుకు ఆ ఆడవాళ్ల వరస చివరనుంచే వచ్చింది."

వదిన సమోసాల ట్రే నా చేతిలో పెట్టి ఆ ఖాళీ కుర్చీ వైపు నడిచింది.

మాస్టారు మెట్ల దగ్గర నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. నన్ను పిలిచి, నా ముఖం వెలుతురు వైపు తిప్పి, పెదాలకేసి చూస్తూ అన్నాడు. "నాకేమీ వినబడలేదు. ఈ వారంలోనే మొత్తం పోయింది. మీ నోళ్లు చూస్తూ చెయ్యి ఊపాను. ఆమె పాడిందా?"

అంతమంది విన్నారు, వినవలసిన ఒక్కడు తప్ప.

"పాడిందండీ" అన్నాను.

"ఎలా పాడింది?"

సంగీతం గురించి నేనేం చెప్పగలను. పెద్దమ్మ మాటే అప్పు తెచ్చుకున్నాను. "కొంచెం ఆలస్యంగా ఎత్తుకుందట."

ఆయన భుజాలు అదిరేలా నవ్వాడు. "కాపురం చేసినన్నాళ్లూ అదే చెప్పాను, ఆలస్యం చెయ్యొద్దని" అంటూ కళ్లు తుడుచుకుని, ఒక్కో మెట్టే ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ వరస మాకెవరికీ మళ్లీ గుర్తు రాలేదు, పెద్దమ్మలకూ రాలేదు. కాలం ఎవరికోసమూ ఆగదంటారు. నిజమే కావచ్చు, కానీ మనిషి ఆగుతాడు, ఆగినంతసేపూ కాలం కూడా ఏమీ అనలేక అతని పక్కనే నిలబడి ఉంటుందేమో.