చెవి మేస్త్రి విన్న ఈల

కొండ రోడ్డు సగం దిగాక, మలుపులో ఆగి ఉన్న బుల్లి ఎర్ర కారు చెవి మేస్త్రికి కనబడకముందే వినబడింది. సన్నటి ఈల. ఎండ నడినెత్తిన ఉంది. గాలి లేదు, పిట్ట కూతా లేదు.

ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లు షెడ్డులో పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, ఏ వాల్వు అలిగిందో చెప్పేవాడు. రోగి ఛాతీకి చెవి ఆనించిన వైద్యుల మీద పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి; ఇనుముకు చెవి ఇచ్చినవాళ్ల మీద ఎవరూ పేజీ కూడా రాయరు. సరే, అది వేరే గోల. కొన్నాళ్లకు ఇంజన్లు కుదించుకుపోయాయి. నాలుగు సిలిండర్ల చోట మూడే. బయటికి పోయే పొగ టర్బోలోని చిన్న చక్రాన్ని తిప్పితే, అది గాలిని కూరి కూరి లోపలికి తోస్తుంది. పిడికెడు ఇంజన్ పెద్దదాని పని చేస్తుంది, తాపీగా తోలితే పెట్రోలు తక్కువ తాగుతుంది. మేస్త్రికి అవి నచ్చాయి కూడా. కానీ ఏడాదిగా ప్రతి టర్బోలోనూ ఒకే ఈల, ఇంజన్ ఆపేశాక కూడా. మూడు బండ్లు విప్పించాడు. మూడూ నిక్షేపంగా ఉన్నాయి.

"ఈల బండిలో లేదు బాబాయ్, నీ చెవిలో ఉంది," అన్నాడు షెడ్డు నడిపే అన్న కొడుకు. "పరీక్ష చేయించుకో. చెవి బాగుందని కాగితం తెస్తేనే మళ్లీ పానా పట్టు."

అందుకే కొండ కింద ఆసుపత్రికి బయల్దేరాడు. బస్సెక్కితే ఇంజన్ వినాలి కనుక నడిచే.

కారు వెనక సీటు నిండా కుట్టుమిషన్లు. వాటిని అమ్మే ఆవిడ రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏదో ఈల వేస్తోంది బాబాయ్. భయమేసి ఆపేశా."

మేస్త్రి గుండె గంతేసింది. ఇంకొకరికి వినిపించింది.

"కొండెక్కి రాగానే కీ తిప్పేశావా?"

"తిప్పక? నిలబెట్టి పెట్రోలు కాల్చమంటావా? మైలేజీ కోసమేగా ఈ బుడ్డిదాన్ని కొన్నది."

"చుక్క పెట్రోలుకి కక్కుర్తిపడితే టర్బో పోతుంది తల్లీ. అది ఎర్రగా కాలి ఉంటుంది. నిమిషం అలా తిరగనిస్తే నూనె దాన్ని చల్లారుస్తుంది. లేదంటే నూనే మాడి అడుగంటుతుంది."

"మా ఆయన వంటలాగా అన్నమాట."

నవ్వుతూనే బానెట్ ఎత్తాడు. వేడి తగ్గేదాకా ఇద్దరూ రాళ్ల మీద కూర్చున్నారు; తాను కింద ఆసుపత్రికి పోతున్నానని చెప్పాడు. ఈల తగ్గలేదు. టర్బోకు గాలి తెచ్చే గొట్టం ఊడదీసి వేలు లోపలికి పెట్టాడు. చక్రం రెక్క గోరువెచ్చగా తగిలింది. ఇరుసులో వదులు లేదు. చక్రం రాయిలా నిలిచి ఉంది. దాన్ని వేలితో నొక్కిపట్టాడు.

"ఇప్పుడు?"

ఆవిడ ముఖంలో నవ్వు లేదు. "వస్తోంది బాబాయ్. ఇందాకటికంటే దగ్గరగా."

"చక్రం నా వేలి కిందే ఉంది."

"మరెక్కడ్నుంచి?"

ఏడాదిగా కోరుకున్న సాక్ష్యం దొరికింది. ఆయన చెవిలో ఏ లోపమూ లేదు. అది చెవి జబ్బే అయితే ఎంత బాగుండేదో అని ఆయనకు మొదటిసారి అనిపించింది.

గొట్టం బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"ఆసుపత్రి దాకా దింపనా? నేనూ వెనక్కే పోతా," అంది ఆవిడ గొంతు తగ్గించి.

ఇక పరీక్షతో పనిలేదు. ఆయన దిగి వచ్చిన దారినే పైకి నడవసాగాడు.

"బాబాయ్, బండి స్టార్ట్ చెయ్యొచ్చా?"

ఈల ఇంకా దగ్గరగా వినబడుతుంటే మేస్త్రి అడుగుల వేగం పెంచాడు.